‘వాండావిజన్’ రహస్యాల వెంట యాభై రోజులు: నా అనుభవం

2021 జనవరి 15, శుక్రవారం. తెల్లవారుజామున 2:50కి ఫోనులో అలారం మోగింది. మా ఆవిడ నిద్ర చెడకుండా లేచి హాల్లోకి వచ్చి, దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చున్నాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయట ఎముకలు కొరికే చలి. అదే నిమిషంలో హైదరాబాదులో మా అక్క కూతురు రెండు ఆన్‌లైన్ తరగతుల మధ్య దొరికిన విరామంలో అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు రాత్రి 3 గంటలు, తనకు మధ్యాహ్నం 1:30. కొత్త ఎపిసోడ్ రెండు చోట్లా ఒకేసారి వస్తుందని ముందు రోజే తెలుసుకున్నాం. ఆ శుక్రవారం నుంచి మార్చి 5 వరకు, సరిగ్గా యాభై రోజులు, మేమిద్దరం సూపర్ హీరో కథలు తీసే మార్వెల్ వాళ్ల టీవీ సీరియల్ ‘వాండావిజన్’ తోనే బతికాం. ముగిసి ఇంకా పది రోజులు కాలేదు. మరిచిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్వెల్ కథలంటే నాకెంత ఇష్టమో తనకూ అంతే. 2019 జూలై తర్వాత మార్వెల్ స్టూడియోస్ నుంచి కొత్త సినిమా ఏదీ రాలేదు. 2020 మొత్తం ఖాళీగా పోయింది. ఆ ఏడాది మా ఇంట్లో ఇంకో ఖాళీ కూడా ఏర్పడింది. ఆగస్టులో తెనాలిలో నాన్న పోయారు. నేను వెళ్లలేకపోయాను. వెళితే తిరిగి రావడానికి వీసా ముద్ర పడే దారి లేదు. కర్మకాండ అంతా ఫోను తెర మీదే చూశాను. ఆ ఫోను పట్టుకుని నిలబడింది మా మేనకోడలే. ఆ తర్వాత ఐదు నెలల పాటు మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. ఎప్పుడు ఫోను చేసినా ఇద్దరం తాతయ్య మాట రాకుండా జాగ్రత్తపడేవాళ్లం, అలా మిగతా మాటలూ కరువయ్యాయి. ‘మామయ్యా, వాండావిజన్ కలిసి చూద్దామా?’ అని తనే అడిగింది.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. 2021 మొదట్లో ఇక్కడ డిస్నీ ప్లస్‌కు నెలకు 6.99 డాలర్లు తీసుకున్నారు, రెండు నెలలకు 13.98. అక్కడ హాట్‌స్టార్ ప్రీమియంకు నెలకు 299 రూపాయలు తీసుకున్నారు, రెండు నెలలకు 598. అన్నీ వచ్చేదాకా ఆగి చూస్తే ఒక నెల డబ్బుతో సరిపోయేది. కానీ వారం వారం ఊహించుకోవడం అప్పుడు ఉండేది కాదు. నాకు డబ్బు కంటే నిద్రే ఎక్కువ ఖర్చయింది. ఎనిమిది శుక్రవారాలూ ఆఫీసు పని ఎలా చేశానో నాకే తెలియదు.

మొదటి రోజు రెండు ఎపిసోడ్లు వచ్చాయి. మంత్రశక్తులున్న వాండా, అంతకుముందు సినిమాలో చనిపోయిన ఆమె ప్రియుడు విజన్ అనే యంత్రమనిషి, ఇద్దరూ వెస్ట్‌వ్యూ అనే ఊళ్లో ఏమీ జరగనట్టు కొత్త దంపతుల్లా కాపురం చేస్తుంటారు. బొమ్మ నలుపు తెలుపులో, పాత టీవీలోలా చతురస్రంగా వచ్చింది. మా టీవీ చెడిందనుకుని రిమోట్‌తో పది నిమిషాలు కుస్తీ పట్టాను. వాళ్లు కావాలనే అలా తీశారు. 1950ల హాస్య సీరియల్‌లా, నవ్వులతో సహా. ఇంకో సంగతి: అరగంట ఎపిసోడ్ అని చూపిస్తుంది కాని చివర ఆరేడు నిమిషాలు పేర్లే నడుస్తాయి. దీని గురించి మళ్లీ చెప్పాలి, ఒకసారి నేను దెబ్బతిన్నాను.

మొదటి ఎపిసోడ్‌లో భోజనాల బల్ల దగ్గర సన్నివేశం మమ్మల్ని పట్టేసింది. విజన్ పైఅధికారి గొంతులో ముద్ద అడ్డుపడి కింద పడతాడు. ఆయన భార్య నవ్వుతూ ‘చాలు, ఆపు’ అంటుంది. మళ్లీ అంటుంది. మళ్లీ. నవ్వు ముఖాన అలాగే ఉంటుంది, గొంతు మాత్రం మారిపోతుంది. ‘మామయ్యా, ఆవిడ భర్తతో అనడం లేదు. వాండా వైపు చూస్తూ అంటోంది’ అంది మా మేనకోడలు. నేను వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. భార్య ఎవరిని వేడుకుంటోందో ఆ రాత్రే రాసిపెట్టుకున్నాం. రాసిపెట్టుకుని, ఆరు వారాలు దాని వైపే చూడలేదు.

రాసింది ఎక్కడంటే, తన ఫిజిక్స్ రికార్డులో. కాలేజీ మూతపడి ప్రయోగాలు లేక సగం పేజీలు తెల్లగా మిగిలాయి. స్కేలుతో మూడు గడులు గీసింది: చూసింది, అనుకున్నది, తేలింది. మొదటి వారమే పద్దెనిమిది వరసలు నిండాయి. క్యాలెండరులో 23వ తేదీ మీద హృదయం గుర్తు. నలుపు తెలుపు ప్రపంచంలో ఎర్రగా పడి ఉన్న బొమ్మ హెలికాప్టర్. రేడియోలోంచి వాండాను పిలిచే మగ గొంతు. మురుగు గుంతలోంచి పైకి వచ్చిన, తేనెటీగలు పెంచేవాళ్ల దుస్తులు వేసుకున్న ‘తేనెటీగల మనిషి’. మధ్యలో వచ్చిన వ్యాపార ప్రకటనలో, మార్వెల్ కథల్లో ఒకప్పుడు ఆయుధాలు చేసిన స్టార్క్ కంపెనీ టోస్టరు, దాని మీద ఎర్రగా మినుకుమనే దీపం. చివర పేర్లు వచ్చేటప్పుడు బొమ్మ చుట్టూ ఆరు భుజాల ఆకారం. ‘బెంజీన్ వలయం’ అని నవ్వింది మొదట. తర్వాత, ఇంగ్లీషులో ఆ ఆకారం పేరు మొదటి సగం ‘హెక్స్’ అనీ, దానికి చేతబడి అనే అర్థం ఉందనీ గుర్తొచ్చి ఇద్దరం ఒక్కసారిగా మాట ఆపేశాం.

రెండో ఎపిసోడ్‌లో డాటీ అనే ఆడమనిషి దయ్యం సూక్ష్మాల్లోనే ఉంటుందన్నట్టు ఓ మాట అంటుంది. పక్కింటి ఆగ్నెస్ వెంటనే, వాడు ఉండేది అక్కడ ఒక్కచోటే కాదు అంటుంది. అంతే, మాకు దొంగ దొరికేశాడు: మెఫిస్టో. మార్వెల్ కామిక్స్‌లో నరకాధిపతి లాంటివాడు. 1989 నాటి కథలో వాండా కవల పిల్లలు నిజం పిల్లలు కారనీ, మెఫిస్టో ఆత్మ ముక్కలనీ తేలుతుంది. ఇక్కడా వాండా కడుపుతో ఉంది. ఊరివాళ్లంతా ‘పిల్లల కోసం’ అని ఒకే గొంతుతో అంటున్నారు. ఇంకేం కావాలి?

జనవరి 22న మూడో ఎపిసోడ్ అంతా రంగుల్లోనే వచ్చింది. కవలలు పుట్టారు. బయటి నుంచి ఊళ్లోకి వచ్చిపడ్డ ప్రభుత్వ ఉద్యోగిని మోనికా నోటి వెంట, వాండా సోదరుణ్ణి చంపిన అల్ట్రాన్ పేరు రాగానే వాండా ఆమెను ఊరి అవతలికి విసిరేసింది. 29న వచ్చిన నాలుగో ఎపిసోడ్ కథను బయటి వైపు నుంచి చూపించి మా ప్రశ్నలకు చాలా జవాబులు ఒక్కసారిగా ఇచ్చేసింది. రేడియో గొంతు ఎఫ్‌బీఐ అధికారి జిమ్మీ వూది. తేనెటీగల మనిషి బయటి నుంచి సొరంగంలో వచ్చిన ప్రభుత్వ మనిషి, ఊరి చుట్టూ ఉన్న మంత్రపు గోడ దాటగానే బట్టలు మారిపోయాయి. తేలిన వాటికి ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకుంది మా అమ్మలు. నాకు మాత్రం కొంచెం బెంగ వేసింది. రహస్యాలు అప్పుడే అయిపోతే మేము మళ్లీ ఏం మాట్లాడుకుంటాం?

ఫిబ్రవరి 1న రెండు సంగతులు జరిగాయి. ఇక్కడ పెద్ద మంచు తుపాను. అక్కడ తెలంగాణలో కాలేజీలు తెరిచారు. అంటే శుక్రవారం 1:30కి తను ఇంట్లో ఉండదు. సాయంత్రం ఐదుకు వచ్చి చూస్తుంది, నాకు అప్పటికి ఉదయం ఆరున్నర. ఇది ఎంత కష్టమో ఆ వారమే తెలిసింది.

ఫిబ్రవరి 5. ఐదో ఎపిసోడ్ చివర కాలింగ్ బెల్ శబ్దం. వాండా తలుపు తీసింది. ఎదురుగా చనిపోయిన ఆమె కవల అన్న పియెట్రో. కానీ ముఖం వేరు! 2015 సినిమాలో పియెట్రోగా చేసిన ఆరన్ టేలర్-జాన్సన్ కాదు. ఎక్స్-మెన్ సినిమాల్లో అదే పాత్ర చేసిన ఇవాన్ పీటర్స్. ఆ సినిమాలు ఫాక్స్ వాళ్లవి. ఫాక్స్‌ను, మార్వెల్ యజమాని అయిన డిస్నీ 2019లో కొనేసింది. అంటే రెండు లోకాలూ కలుస్తున్నాయి! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి నిలబడిపోయాను. ఎవరితోనూ చెప్పలేను. మూడున్నర నుంచి ఆరున్నర దాకా నిద్ర పట్టలేదు. మంచు తవ్వే పార తీసుకుని, చీకట్లోనే కారు చుట్టూ గడ్డకట్టిన మంచంతా కొట్టేశాను. ఏడు దాటాక ఫోను మోగింది. ఎత్తగానే మాటలు లేవు, ఒకటే అరుపు. వెనకాల అక్క ‘ఏమయిందే?’ అని పరుగెత్తుకొచ్చిన చప్పుడు. నాన్న పోయాక ఆ ఇంట్లోంచి సంతోషంతో అరిచిన అరుపు నేను వినడం అదే మొదలు.

ఆ పూట మేము పట్టించుకోకుండా వదిలేసింది ఒకటి ఉంది. అదే ఎపిసోడ్‌లో విజన్ తన ఆఫీసులోని నార్మ్‌ను కాసేపు మంత్రం నుంచి విడిపిస్తాడు. నార్మ్ వణికిపోతూ ‘ఆమె నా తలలో ఉంది, ఆపమను’ అని బతిమాలుకుంటాడు. ఆమె. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మేము మెఫిస్టోనే వెతికాం. ఇప్పుడు ఆలోచిస్తే కారణం తెలుస్తోంది. వాండా అంటే మాకు ప్రేమ. ఊరినంతా బంధించింది ఆమే అని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. వెనక ఎవరో ఉండి చేయించారంటే ఆమెను క్షమించడం తేలిక. నాన్న విషయంలో నేనూ ఆరు నెలలుగా ఇదే చేస్తున్నాను. ఫలానా రోజు ఫలానావాళ్లు త్వరపడి ఉంటే అని తేదీలు వేసుకుని, ఎవరో ఒకరిని వెతుక్కుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 12కల్లా ఊహలు చెట్టంత పెరిగాయి. అంతరిక్ష ఇంజనీరు ఒకరు తనకు తెలుసని మోనికా అంది. మార్వెల్ కథల్లోని ఇంకో వీరుల జట్టు ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడు రీడ్ రిచర్డ్స్ వచ్చేస్తున్నాడని రాసేసుకున్నాం. ఎప్పటి నుంచో కలిసి నటించాలనుకున్న గొప్ప నటుడితో ఇందులో చేశానని విజన్ పాత్రధారి పాల్ బెట్టనీ ఇంటర్వ్యూలో ఊరించాడు. ఆ గడిలో ఆరుగురి పేర్లు రాసింది మా మేనకోడలు. ఆగ్నెస్ మాటల్లో మాత్రమే వినిపించి ఎన్నడూ కనిపించని ఆమె భర్త రాల్ఫ్ మెఫిస్టోయే అని తేల్చాం. డాటీని వాడి మనిషిగా లెక్కకట్టాం. ‘ఆవిడ కళ్లలోనే ఏదో ఉంది మామయ్యా’ అనేది.

ఫిబ్రవరి 19న మా ఊహ ఒకటి నెగ్గింది. ఆగ్నెస్ అసలు అగాథా హార్క్‌నెస్, శతాబ్దాల నాటి మంత్రగత్తె. పేరు మొదటి అక్షరాలూ ఇంటిపేరు చివరి అక్షరాలూ ఇంగ్లీషులో కలిపి చూస్తే ఆగ్నెస్ వస్తుందని మా అమ్మలు మొదటి వారమే రాసింది. కాలం మారి దుస్తులు మారినా ఆమె పెట్టుకునే బ్రోచ్ వదలదని కూడా. ఆగ్నెస్‌గా వేసిన కాథరిన్ హాన్ నవ్వుతూ కన్ను గీటిన క్షణాన తనకంటే నాకే ఎక్కువ గర్వంగా అనిపించింది. ఆ ఉత్సాహంలో పేర్లు మొదలవగానే టీవీ కట్టేసి పడుకున్నాను. అప్పటివరకు పేర్ల మధ్య ఏమీ రాలేదు మరి. సాయంత్రం తనకు, ఉదయం నాకు: ‘మోనికా నేలమాళిగ తలుపు తెరవడం చూశావా?’ నేను చూడలేదు. ఏడో ఎపిసోడ్ నుంచి పేర్ల మధ్య సన్నివేశాలున్నాయి. చివరిదానిలో రెండున్నాయి. కొత్తగా చూసేవాళ్లు రిమోట్ ముట్టుకోవద్దు.

ఫిబ్రవరి 26. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో అగాథా వాండాను ఆమె జ్ఞాపకాల్లోకే నడిపిస్తుంది. ఆమె పుట్టిన కల్పిత దేశం సొకోవియాలో చిన్న ఇల్లు. తండ్రి అమ్ముకునే పాత అమెరికన్ హాస్య సీరియళ్ల డిస్కులు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు కలిసి వాటిని చూస్తూ ఇంగ్లీషు నేర్చుకునే రాత్రి. బాంబు. తల్లిదండ్రులు లేరు. ఎదురుగా పేలకుండా మిగిలిన గుండు, దాని మీద స్టార్క్ పేరు, ఎర్రగా మినుకుమనే దీపం. టోస్టరు! నేను బొమ్మ ఆపేశాను. గడియారం ప్రకటనలో ఆమె మీద ప్రయోగాలు చేసిన స్ట్రకర్ పేరు, స్నానపు పొడి ప్రకటనలో అతని ముఠా హైడ్రా, కాగితపు తువాళ్ల ప్రకటనలో ఆమె వల్ల జనం చనిపోయిన ఊరు లాగోస్. రికార్డులో అన్నిటికీ ఎదురుగా ‘మెఫిస్టో సంకేతం?’ అని ఉంది. ఒక్కటీ వాడిది కాదు. ఒక్కొక్కటీ ఆమెకు తగిలిన ఒక్కో దెబ్బ, వరసగా.

ఆ తర్వాత ఆమె కారులో న్యూజెర్సీలోని ఆ ఊరికి వస్తుంది. వెస్ట్‌వ్యూ కల్పిత ఊరే అయినా, నేనుండే రాష్ట్రం పేరు విన్నప్పుడల్లా ఒళ్లు జలదరించేది. అక్కడ ఓ ఖాళీ స్థలం, పునాది వరకే లేచిన గోడలు. ఆమె చేతిలో దస్తావేజు. ఇంటి స్థలం చుట్టూ విజన్ గీసిన ఎర్ర హృదయం, కలిసి ముసలివాళ్లం అవుదామని ఒక మాట. ఆమె ఆ పునాది మధ్య మోకాళ్ల మీద కూలబడి ఏడిస్తే, ఆ ఏడుపులోంచి ఇల్లు లేచింది, ఊరు మారింది, మనిషి పుట్టాడు.

మాకు తెనాలిలో రెండు వందల గజాల స్థలం ఉంది. నేను తిరిగి వస్తానని నాన్న కొన్నారు. 2019లో పునాది వేయించారు, అక్కడితో ఆగింది. ఉదయం ఏడు దాటాక మా మేనకోడలి ఫోను వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మామయ్యా, తాతయ్య కాగితాలు అమ్మ బీరువాలో ఉన్నాయి, చూపించనా?’ అంది. లేఅవుట్ కాగితం ఫోను కెమెరా ముందు పెట్టింది. మా ప్లాటు చుట్టూ ఎర్ర బాల్ పెన్నుతో గీత. పక్కన నాన్న చేతిరాత, ముత్యాల్లా కాదు, కొంచెం వణుకుతో: ‘బోరు ఈశాన్యం. వరండా తూర్పుకి. వాడికి ఎండ ఇష్టం.’ ఆ కాగితం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు ఊహల గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. గంటంపావు తాతయ్య గురించే మాట్లాడుకున్నాం. ఆగస్టులో చివరి రెండు రోజులు ఆయన ఏం తిన్నారు, ఏం అడిగారు, ఎప్పుడు నవ్వారు, అన్నీ చెప్పింది. నేను అడగలేక ఊరుకున్నవన్నీ తనూ చెప్పలేక దాచుకుందట.

మార్చి 5న చివరి ఎపిసోడ్ కోసం తను కాలేజీ మానేసింది. అక్క ఏమీ అనలేదు. మళ్లీ ఇద్దరం ఒకే నిమిషంలో మొదలుపెట్టాం. ఫలితాలు ఇవి: మెఫిస్టో రాలేదు. రీడ్ రిచర్డ్స్ రాలేదు, ఆ ఇంజనీరు అంతకుముందే గుడ్నర్ అనే సైనికాధికారిణిగా తేలిపోయింది. రెండు లోకాలు కలవలేదు. ఇవాన్ పీటర్స్ చేసింది అగాథా ఆడించిన రాల్ఫ్ బోనర్ అనే స్థానికుడి పాత్ర. బెట్టనీ చెప్పిన గొప్ప నటుడు బెట్టనీయే, తెల్ల విజన్ అనే రెండో పాత్రలో. రాల్ఫ్ సంగతి తేలినప్పుడు మా అమ్మలుకు పట్టరాని కోపం వచ్చింది. ‘నెల రోజులు మనల్ని మోసం చేశారు’ అని రికార్డు మూసేసింది. ఆ కోపం న్యాయమే అంటాను నేను. అంత తెలిసిన ముఖాన్ని తెచ్చి తలుపులో నిలబెట్టాక, కేవలం పేరు మీద ఓ చతురుతో ముగించడం చూసేవాళ్ల నమ్మకానికి తగిన ముగింపు కాదు.

కానీ డాటీ సంగతి వేరు. మంత్రం నుంచి విడిపడ్డాక ఆమె పేరు సారా. సారా వాండా ఎదుటికొచ్చి వేడుకుంటుంది: నాకు ఎనిమిదేళ్ల కూతురుంది, మీ పిల్లలతో ఆడుకోనివ్వండి, కనీసం గదిలోంచి బయటికి రానివ్వండి. ఏడు వారాలు మేము దయ్యం మనిషనుకున్న ఆవిడ కళ్లలో ఉన్నది అదీ. చుట్టూ జనం మూగి, నీ దుఃఖం మాకు ఎక్కుతోంది, నిద్రపోతే నీ పీడకలలే మాకు వస్తున్నాయి అంటారు. ఫోనులో ఇటు నేను, అటు తను, ఇద్దరికీ ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వాండా పిల్లలను పడుకోబెట్టి దీపం ఆర్పుతుంది. గోడ దగ్గరికొస్తోంది. విజన్‌కు వీడ్కోలు చెబుతుంది. ఇల్లు కరిగిపోయి మళ్లీ పునాదే మిగులుతుంది, దాని మధ్య ఆమె ఒక్కతే.

పేర్లు పూర్తిగా అయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ‘మొదటి రోజు ఆ భోజనాల బల్ల దగ్గర పెద్దావిడ చెప్పింది మామయ్యా. మనం రాసుకున్నాం కూడా’ అంది. రికార్డు మళ్లీ తెరిచి మొదటి పేజీలో మూడో వరసకు ఎర్ర సిరాతో టిక్కు పెట్టింది. ఆ శబ్దం కూడా నాకు వినిపించింది.

మార్చి 7, ఆదివారం, బావ వాళ్లు తెనాలి వెళ్లారు. స్థలంలో నడుము లోతు పిచ్చి మొక్కలు. కొట్టించడానికి ఇద్దరు కూలీలకు పదహారు వందలు అయిందట. తూర్పు వైపు పునాది రాయి మీద నిలబడి మా మేనకోడలు ఫొటో తీయించుకుని పంపింది. ముఖం మీద ఎండ పడి కళ్లు చికిలించింది.

మొన్న 12వ తేదీ శుక్రవారం అలారం తీసేయడం మరిచాను. 2:50కి మోగింది. లేచి కాసేపు హాల్లో కూర్చున్నాను. సాయంత్రం తను చేసినప్పుడు చెప్పాను. రికార్డులో ఇంకా రెండు వరసలు ఖాళీగా ఉన్నాయంది: క్యాలెండరులో 23 ఏమిటి, జిమ్మీ వూ వెతుక్కుంటూ వచ్చిన సాక్షి ఎవరు. 19న మార్వెల్ వాళ్ల తర్వాతి సీరియల్ ‘ది ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్’ మొదలవుతోంది. అలారం ఉంచేశాను. ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కాబట్టి ఇకమీదట నాకు 3 గంటలైతే తనకు 12:30. కాలేజీలో భోజనాల గంట అప్పుడేనట.